ల్యాప్‌టాప్‌పై పడిన సొట్టను తీయించవలెనా?

గత జూలై మాసమున మన పూర్వ విద్యార్థిని యొకతె తండ్రి మాయొద్దకు వచ్చి, సంచినుండి ఒక ల్యాప్‌టాప్‌ను తీసి బల్లపై నుంచిరి. వారు ముదిగుబ్బకు సమీప గ్రామమున వేరుసెనగ సేద్యము చేయువారు. కుమార్తె ఇంజనీరింగు చదువునకై కొనిన ఆ యంత్రము, ఆమె బస్సు దిగుచుండగా జారిపడి, మూత యొక్క మూల సొట్టపోయినది. పైన జానెడు గీత పడినది. పని మాత్రము మునుపటివలెనే చేయుచుండెను. అయినను తోడివారు చూతురను సిగ్గుచే ఆ బాలిక దానిని కళాశాలకు తీసికొనిపోవుట మానినదట. మూత మార్చుటకు దుకాణమువారు కొన్న వెలలో ఆరవ వంతు అడిగిరి. అది ఎకరమునకు కావలసిన విత్తనపు ఖర్చునకు ఇంచుమించు సమానము. విత్తు అదనును అదియే. "అయ్యవారూ, ఈ డబ్బు పెట్టమందురా?" అని వారు మమ్మడిగిరి.

మేము వెంటనే ప్రత్యుత్తర మియ్యలేదు. మన యిండ్లలోని ఇత్తడి పాత్రలను చూడుడు. బిందె కడుపున సొట్ట పడినచో ఎవరును తొందరపడరు. నీరు పట్టుట మానదు గదా. కాని వంటపాత్రలో కళాయి పోయినచో, కంటికి మాసినట్లు మాత్రమే కనబడినను, అందు పులుసు కాచినయెడల చిలుమెక్కి తినువారికి కీడు కలుగును. ల్యాప్‌టాప్ విషయముననుకూడ ఏది బిందె సొట్టయో, ఏది కళాయి పోవుటయో ముందు తెలిసికొనవలెను.

మొట్టమొదట చూడవలసినది మూతను అడుగు భాగముతో కూర్చు కీలు. తక్కువ వెల యంత్రములు చాలవాటిలో ప్లాస్టిక్కునందు చిన్న ఇత్తడి దిమ్మలను పొదిగి, వాటిలో కీలు మరలను బిగింతురు. దెబ్బ తగిలినను, కీలు బిగిసిపోయినను, ఆ దిమ్మల చుట్టును వెండ్రుకవంటి బీట పుట్టును. మూత తెరచినప్పుడెల్ల అది కొంచెము కొంచెముగా పెరిగి, తుదకు దిమ్మ ఊడివచ్చి, తెరకు పోవు తీగను తెంపవచ్చును, తెరనే పగులగొట్టవచ్చును. సొట్ట యెన్నటికిని పెరుగదు. బీట పెరుగును.

పిమ్మట అడుగు భాగమును పరీక్షింపవలెను. సొట్ట లోపలికి పోవును. ఉబ్బు వెలుపలికి వచ్చును. అడుగు రేకు గాని, వ్రేలితో రాయు టచ్‌ప్యాడ్ గాని పైకి లేచినచో, లోపలి బ్యాటరీయందు వాయువు పుట్టి ఉబ్బినదని అనుమానింపవలెను. అప్పుడు ఛార్జింగు మాని, దానిని నొక్కక, పొడువక, తెలిసిన మెకానిక్ చేతికియ్యవలెను. ఇందు ఖర్చు లెక్కింపరాదు.

తెరపై తెల్లని బొమ్మ నొకటి నిండుగా నిలిపి చూచినచో, సొట్ట లోపలి గాజును నొక్కుచున్నదా లేదా అనునది మచ్చలనుబట్టి తెలియును. అతుకు విడి సందు ఏర్పడినచో మూయింపవలెను. మన మెట్టసీమ దుమ్ము సామాన్యమైనది కాదు. చాలమంది తయారీదారులు 35 డిగ్రీల వేడిమివరకే యంత్రమును వాడుమందురు. మన యెండ మే మాసమున 40 డిగ్రీలు దాటును. దానికితోడు దుమ్ము పేరుకొని పంకా మూసికొనిపోయినచో యంత్రము త్వరలో చెడును. చేతికి గీరుకొను వాడి యంచున్నచో దానిని అరగదీయించుట చాలును.

ఇక గీతయందురా, అల్యూమినియమునకు గాలి తగిలినంతనే సన్నని పొర యేర్పడును గనుక, అది ఇనుమువలె తుప్పుపట్టదు. సొట్టను వేడిగాలితోను సుత్తితోను ఇంటనే తీయజూచువారు కలరు. వేడి బ్యాటరీకిని, దెబ్బ తెరకును శత్రువులు. అందముకొరకు విప్పించినను లోపలి సన్నని తీగలు చెడు భయమున్నది. సాధారణపు వారంటీ జారిపడిన దెబ్బలకు వర్తింపదు. విప్పింపక తప్పనిచో, లోపలి పాఠములను ముందుగా వేరొకచోట నకలు చేసికొనవలెను.

సిగ్గును మేము చులకన చేయము. సంచిలో మూలుగు యంత్రముకంటె దండుగ లేదు. అయితే దానికి పైతొడుగు చాలును. మూత మార్చుట అక్కరలేదు.

మేము ఆ యంత్రమును వెలుతురున త్రిప్పి చూడగా, తండ్రిగారు గమనింపని సన్నని బీట యొకటి ఎడమ కీలు వద్ద కనబడెను. సొట్టకు కాదు, దీనికి పెట్టుడని చెప్పితిమి. ధర్మవరమున ఒక మెకానిక్ ఆ కీలును మూత వెలలో మూడవ వంతుకే బిగించి యిచ్చెను. మిగిలిన సొమ్ము విత్తనమునకు పోయినది. సంక్రాంతి సెలవులకు ఆ బాలిక మమ్ము చూడవచ్చినప్పుడు ల్యాప్‌టాప్ చేతనే యున్నది. తొడుగు లేదు, సొట్ట అట్లే యున్నది.