కెమెరా దొరుకుతుంది, ఉస్తాద్ దొరకాలి: బొగ్గుగనుల ఊళ్లలో ఫొటోగ్రఫీని హలాల్ ఉపాధిగా మార్చుకోవడం ఎలా?

గోదావరిఖనిలోనో, రామగుండంలోనో ఫంక్షన్ హాల్లో జరిగే ఏదైనా నిఖాకు వెళ్లి చూడండి. మగవాళ్ల వైపు ఇద్దరు ఫొటోగ్రాఫర్లు, ఒక వీడియో కెమెరా, ఒక్కోసారి డ్రోన్ కూడా ఉంటాయి. పర్దాకు అవతల ఆడవాళ్ల వైపు మాత్రం పెళ్లికూతురి ఖాలా కూతురో, మామూ కూతురో ఫోన్ పట్టుకుని తిరుగుతుంటుంది. ఫొటోగ్రాఫర్ అటువైపు రావాల్సి వస్తే చాలు, దుపట్టాలు సర్దుకోవడం, మొహం తిప్పుకోవడం, లేచి పక్క గదిలోకి వెళ్లిపోవడం. నెల తర్వాత ఆల్బం ఇంటికొస్తుంది. అందులో దాదీ ఉండదు, నానీ ఉండదు.

ఆఖరికి ఇంట్లో వాళ్లకు మిగిలేవి ఆ ఫోన్ అమ్మాయి తీసిన ఫొటోలే. అవి చూసి పక్కింటి వాళ్లు "మా మనవరాలి అఖీఖాకు కూడా తీస్తావా బేటీ?" అని అడుగుతారు. వ్యాపారం అక్కడే మొదలవుతుంది. చాలాసార్లు అక్కడే ఆగిపోతుంది కూడా. ఎంత అడగాలో తెలియదు. అడగడానికి మొహమాటం. తీసిన ఫొటోలు ఎక్కడ దాచాలి, ఎవరికి చూపించవచ్చు, ఎవరికి చూపించకూడదు? ఇవేవీ ఎవరూ చెప్పరు. యూట్యూబ్‌లో కెమెరా సెట్టింగులు దొరుకుతాయి గానీ ఇవి దొరకవు.

ఇది ఒక్క సరదా ముచ్చట కాదు. సింగరేణిలో 1990ల మొదట్లో లక్షకు పైగా ఉద్యోగులుండేవారు. ఇప్పుడు ఆ సంఖ్య సుమారు 40 వేలు. తండ్రి తర్వాత కొడుక్కి గనిలో ఉద్యోగం అన్న భరోసా అందరికీ లేదు, ఆడపిల్లలకైతే అది మొదటి నుంచీ తక్కువే. తక్కువ పెట్టుబడితో, ఇంటి నుంచే, పర్దా వదలకుండా చేసుకోగల పని ఉందంటే అది ఎంతో కొంత ఆలోచించాల్సిన విషయమే.

పాత స్టూడియోల్లో ఏం ఉండేది?

ఫిల్మ్ రోజుల్లో ఫొటో స్టూడియోలో చేరిన కుర్రాడి చేతికి కెమెరా వెంటనే ఇచ్చేవారు కాదు. మొదట ఊడ్చడం, కస్టమర్‌కు దువ్వెన, అద్దం అందించడం. తర్వాత డార్క్‌రూమ్‌లో ప్రింట్లు కడగడం, నెగటివ్ మీద సన్నటి పెన్సిల్‌తో టచింగ్. కెమెరా వెనక నిలబడే అవకాశం ఆఖర్న వచ్చేది. ఆ రెండు మూడేళ్లలో కుర్రాడు నేర్చుకున్నది ఫొటో తీయడం ఒక్కటే కాదు. భయపడే పిల్లాడిని ఎలా నవ్వించాలి, బాకీ పెట్టిన వాడిని నొప్పించకుండా ఎలా అడగాలి, చెప్పిన తేదీకి ప్రింట్ ఎలా ఇవ్వాలి, ఇవన్నీ ఉస్తాద్ పక్కన నిలబడి చూసి నేర్చుకున్నవే. డిజిటల్ వచ్చాక డార్క్‌రూమ్ పోయింది. దాంతోపాటు ఉస్తాద్ పక్కన గడిపే ఆ సంవత్సరాలు కూడా పోయాయి.

మన హైదరాబాద్ రాజ్యంలోనే దీనికి పెద్ద ఉదాహరణ ఉంది. రాజా దీన్ దయాళ్ చదివింది రూర్కీలో ఇంజినీరింగ్. ఇందోర్‌లో పబ్లిక్ వర్క్స్ శాఖలో డ్రాఫ్ట్స్‌మన్‌గా పనిచేస్తూ 1870లలో కెమెరా పట్టారు. అక్కడి బ్రిటిష్ అధికారి సర్ హెన్రీ డేలీ ఆయన పని చూసి పెద్దవాళ్లకు పరిచయం చేయకపోతే దీన్ దయాళ్ పేరు ఇందోర్ దాటేది కాదేమో. తర్వాత ఆరో నిజాం మీర్ మహబూబ్ అలీ ఖాన్‌కు ఆస్థాన ఫొటోగ్రాఫర్ అయ్యారు, ముసవ్విర్ జంగ్ అన్న బిరుదు పొందారు.

ఆయన చేసిన ఒక పని మన విషయానికి మరీ దగ్గరది. 1892లో హైదరాబాద్‌లో ఆడవాళ్ల కోసం ప్రత్యేకంగా జనానా స్టూడియో తెరిచారు. దాన్ని నడిపింది మిసెస్ కెన్నీ-లెవిక్ అనే మహిళ. పర్దా పాటించే కుటుంబాల స్త్రీలు మగ ఫొటోగ్రాఫర్ ముందు కూర్చోరు గనక, వాళ్ల కోసం విడిగా చోటు ఏర్పాటు చేశారు. పర్దాను అడ్డంకిగా చూడకుండా, దానికి తగినట్టు వ్యాపారాన్నే మలచుకున్నారన్న మాట. 130 ఏళ్ల క్రితం హైదరాబాద్‌లో గుర్తించిన అవసరం ఇవాళ గోదావరిఖని ఫంక్షన్ హాళ్లలో ఇంకా అలాగే ఉంది.

మొదటి పాఠం: లెక్క

మంచి ఉస్తాద్ లెన్సుల గురించి మాట్లాడే ముందు కాగితం, పెన్ను తీయిస్తాడు. ఒక ఉదాహరణ తీసుకుందాం. కెమెరా, లెన్సు, ఫ్లాష్, మెమరీ కార్డులు, హార్డ్‌డిస్క్ అన్నీ కలిపి 1,20,000 రూపాయలు అయ్యాయనుకోండి. మూడేళ్లు వస్తాయి. అంటే ఏడాదికి 40,000. ఏడాదికి 25 ఫంక్షన్లు దొరికితే ఒక్కో ఫంక్షన్ మీద 1,600 పడుతుంది. సహాయకురాలికి 1,000, ఆటోకు 400, కరెంటు, సాఫ్ట్‌వేర్, బ్యాకప్‌కు 500, ఆల్బం ప్రింటింగ్‌కు 5,000. మొత్తం 8,500.

"మన వాళ్లే కదా" అని పదివేలకు ఒప్పుకున్నారు. మిగిలింది 1,500. ఫంక్షన్ ఒక రోజు, ఎడిటింగ్ మూడు రోజులు. నాలుగు రోజులకు 1,500 అంటే రోజుకు 375 రూపాయలు. ఈ లెక్క వేయని వాళ్లు ఏడాదంతా కష్టపడి, కెమెరా పాడైన రోజున కొత్తది కొనలేక పని మానేస్తారు. చుట్టాలకు తగ్గించి ఇవ్వడం తప్పు కాదు, ఎంత తగ్గిస్తున్నారో తెలిసి తగ్గించాలి. పేద ఇంటి పెళ్లికి ఉచితంగా తీయాలనుకుంటే అలాంటివి ఏడాదికి ఎన్ని చేయగలరో కూడా ఈ లెక్కే చెబుతుంది.

పెట్టుబడి విషయానికొస్తే, ముద్ర లాంటి పథకాల్లో బ్యాంకు రుణాలు ఉన్నాయి గానీ అవి వడ్డీతో కూడినవి. రిబాకు దూరంగా ఉండాలనుకునే కుటుంబాలకు వేరే దారులున్నాయి. సెకండ్ హ్యాండ్ కెమెరా, ఫంక్షన్ రోజుకు మాత్రం లెన్సు అద్దెకు తీసుకోవడం, ఇంట్లోనో బంధువుల్లోనో కర్జె హసనా. లేదంటే ముదారబా: ఒకరు డబ్బు పెడతారు, ఒకరు పని చేస్తారు, లాభం ముందే అనుకున్న వాటా ప్రకారం పంచుకుంటారు. పనిచేసే వారి నిర్లక్ష్యం లేకుండా నష్టం వస్తే అది డబ్బు పెట్టినవారిది. ఉద్యమ్ రిజిస్ట్రేషన్‌కు మాత్రం రూపాయి ఖర్చు లేదు. ఎవరైనా దానికి ఫీజు అడిగితే ఇవ్వకండి.

ఫొటో ఎవరిది?

అసలు చిక్కు ఇక్కడుంది. ఫంక్షన్ అయిన మర్నాడే కొందరు పెళ్లికూతురి ఫొటోను తమ ఇన్‌స్టాగ్రామ్ పేజీలో పెట్టేస్తారు. "నేను తీశాను, నాది" అనుకుంటారు. చట్టం అలా చెప్పదు. 1957 కాపీరైట్ చట్టం సెక్షన్ 17 ప్రకారం, డబ్బు ఇచ్చి తీయించుకున్న ఫొటోకు మొదటి హక్కుదారు తీయించుకున్న వ్యక్తే, వేరే ఒప్పందం ఉంటే తప్ప. కాబట్టి పేజీలో పెట్టుకోవాలంటే ముందే అడిగి రాతపూర్వకంగా తీసుకోవాలి. మన ఇళ్లలో ఇది చట్టం కంటే పెద్ద మాట. ఫొటో అమానత్. ఒక్క ఫొటో బయటికి పొక్కితే ఆ అమ్మాయి వ్యాపారమే కాదు, ఆమె తర్వాత ఈ పనిలోకి రావాలనుకునే పది మంది అమ్మాయిల దారి కూడా మూసుకుపోతుంది.

చాలామంది గమనించని ఇంకో సంగతి. జనానా వైపు ఫొటోలు అమ్మాయే తీస్తుంది, సరే. ఆ తర్వాత? ఆల్బం డిజైనింగ్‌కు, ప్రింటింగ్‌కు ఆ ఫైళ్లన్నీ వేరే ఊళ్లో ల్యాబ్‌కు వెళ్తాయి. అక్కడ కంప్యూటర్ ముందు ఎవరు కూర్చుంటారో కుటుంబానికి తెలియదు. "లేడీ ఫొటోగ్రాఫర్" అని చెప్పి ఇది దాచిపెట్టడం సగం అబద్ధమే. ఎడిటింగ్ సొంతంగా చేసుకోవడం, ఆడవాళ్ల ఫొటోలు చిన్న సైజులో ఇంట్లోనే ఫొటో ప్రింటర్‌పై తీసివ్వడం ఒక మార్గం. అది కుదరకపోతే ఉన్నది ఉన్నట్టు ముందే చెప్పేయాలి. కుటుంబమే నిర్ణయించుకుంటుంది.

అందుకే ఒక పేజీ ఒప్పందం, తెలుగులోనూ ఉర్దూలోనూ. తేదీ, ఎన్ని గంటలు, ఎన్ని ఫొటోలు, అడ్వాన్స్ ఎంత, బాకీ ఎప్పుడు, ఎవరు ఎడిట్ చేస్తారు, ఫైళ్లు ఎన్నాళ్లు ఉంచుతారు, పేజీలో పెట్టవచ్చా లేదా. "మన వాళ్ల మధ్య కాగితాలేంటి" అనే పెద్దలకు ఒక మాట గుర్తు చేయవచ్చు: దివ్యఖుర్ఆన్‌లో అన్నిటికంటే పొడవైన ఆయత్, అల్ బఖరా సూరాలోని 282వది, బాకీ లావాదేవీలను రాసుకోవడం గురించే.

రిష్తా ఫొటో విషయం మరీ సున్నితం. "కొంచెం తెల్లగా చేయి బేటీ" అని తల్లులు అడుగుతారు. వెలుతురు సరిచేయడం వేరు, రంగు మార్చడం వేరు. కిటికీ పక్కన కూర్చోబెట్టి, మెత్తటి వెలుతురులో తీస్తే చామనఛాయ మొహం ఎంత బాగుంటుందో చూపించగలగడం పనితనం. మొహం తెల్లబరిచి పంపడం అవతలి కుటుంబానికి ధోఖా. అబద్ధం బయటపడేది పెళ్లిచూపుల్లో, అవమానం పడేది అమ్మాయి. దీనికి "కాదు" అని మర్యాదగా ఎలా చెప్పాలో షాగిర్ద్ ఒక్కతే నేర్చుకోలేదు. అనుభవం ఉన్నవాళ్లు పక్కన ఉండాలి.

ఇక, అసలు ఫొటో తీయడమే సరైనదా అన్న ప్రశ్న ఉంది. దీనిపై ఉలమాల మధ్య భిన్నాభిప్రాయాలున్నాయి. గుర్తింపు కార్డులు, పాస్‌పోర్టు లాంటి అవసరాలను వేరుగా చూసేవారున్నారు, డిజిటల్ ఫొటోను వేరుగా చూసేవారూ ఉన్నారు. పనిలో దిగే ముందే తాము నమ్మే ఆలిమ్‌ను అడిగి తేల్చుకోవడం మంచిది. సగం మనసుతో చేసే పనిలో బర్కత్ ఉండదని మన ఇళ్లలో అందరికీ తెలుసు.

బమాకో నుంచి ఒక పాఠం

చిన్న ఊళ్లో సొంత మనుషుల ఫొటోలు తీసి ప్రపంచానికి తెలిసిన ముస్లిం ఫొటోగ్రాఫర్ల కథ పశ్చిమ ఆఫ్రికాలో ఉంది. మాలీ రాజధాని బమాకోలో సెయిదూ కెయితా (1921–2001) మొదట వడ్రంగి పని చేసేవాడు. బాబాయి తెచ్చిచ్చిన చిన్న కొడాక్ కెమెరాతో మొదలుపెట్టాడు. మౌంతగా దెంబెలే అనే పెద్ద ఫొటోగ్రాఫర్ దగ్గర డార్క్‌రూమ్ పని నేర్చుకుని 1948లో స్టూడియో తెరిచాడు. వాకిట్లో సహజమైన వెలుతురు, వెనక వేలాడదీసిన దుప్పటి, ఇదే ఆయన సెట్టింగ్. ఫిల్మ్ ఖరీదు గనక చాలావరకు ఒక్కొక్కరికి ఒక్క షాటే. నెగటివ్‌లు మాత్రం దశాబ్దాల పాటు భద్రంగా పెట్టెల్లో దాచాడు. 1990లలో ఆయన పేరు ప్రపంచానికి తెలిసిందంటే ఆ పెట్టెల వల్లే. ఫోన్ మెమరీ నిండగానే పాతవి డిలీట్ చేసే మనవాళ్లకు ఇది చెప్పాల్సిన కథ. ఆ ఊళ్లోనే పనిచేసిన మాలిక్ సిదిబే కూడా ఇంకొకరి స్టూడియోలో పని నేర్చుకున్నవాడే. 2007లో వెనిస్ బినాలేలో జీవన సాఫల్యానికి గోల్డెన్ లయన్ అందుకున్నాడు.

ఇక్కడి ఫొటో, ఇక్కడి వెలుతురు

బొగ్గుబావుల ఊళ్లలో ఫొటోగ్రాఫర్‌కు సొంత విషయాలు లేవనడం కష్టం. సింగరేణి ఉద్యోగి 61 ఏళ్లకు దిగిపోతాడు. సన్మానంలో శాలువాతో తీసే ఫొటో అందరికీ ఉంటుంది. కానీ ముప్ఫై ఏళ్లు ఉన్న క్వార్టర్ ఖాళీ చేసే ముందు, ఆ గుమ్మం ముందు ఇంటిల్లిపాదీ నిలబడిన ఫొటో ఎంతమందికి ఉంది? ఒక్క వారం ఆలస్యమైతే ఆ ఇంట్లో వేరే కుటుంబం ఉంటుంది. ఇలాంటి ఆలోచన షాగిర్ద్‌కు తట్టేలా చేయడమే ఉస్తాద్ పని. ఒక జాగ్రత్త మాత్రం ఉంది. భూగర్భ గనిలోకి మామూలు కెమెరా, ఫ్లాష్, ఫోన్ తీసుకెళ్లకూడదు. లోపల మీథేన్ ఉంటే చిన్న నిప్పురవ్వ చాలు. కార్మికుడి ఫొటో పైనే తీయాలి, కంపెనీ ఆవరణ అయితే అనుమతితో. మధ్యాహ్నం మొదటి షిఫ్ట్ దిగాక ఇంటి దగ్గర ఏటవాలుగా పడే ఎండ దానికి సరిపోతుంది.

కెమెరా పాఠాల్లో ఒకటి మన ఫంక్షన్లకు ప్రత్యేకంగా పనికొస్తుంది. కెమెరా తన ముందున్నదంతా మధ్యస్థమైన బూడిద రంగు అనుకుని వెలుతురు లెక్క వేస్తుంది. నల్ల బుర్ఖాలు నిండిన గుంపును చూస్తే చీకటనుకుని ఎక్కువ వెలుతురు తీసుకుంటుంది, నలుపు వెలిసిపోతుంది, మొహాలు పాలిపోతాయి. అక్కడ ఎక్స్‌పోజర్ కాస్త తగ్గించాలి. తెల్ల కుర్తాల వరుస ముందు దీనికి రివర్స్: కాస్త పెంచాలి, లేకపోతే తెలుపు మాసినట్టు పడుతుంది.

ఉస్తాద్‌ను ఎక్కడ వెతకాలి? పల్లెల్లోని యువతకు గ్రామీణ స్వయం ఉపాధి శిక్షణ సంస్థల్లో ఫొటోగ్రఫీ, వీడియోగ్రఫీ కోర్సు ఉచితం. శిక్షణ తర్వాత రెండేళ్లు వెంట ఉండి చూడడం కూడా ఆ పథకంలో భాగమే. బస్తీలో వాళ్లకు దగ్గరి దారి పాత స్టూడియో యజమానే. ఆడపిల్ల అయితే ఇద్దరు కలిసి వెళ్లడం, ఇంట్లో పెద్దవాళ్ల ఎదుట నెలకు రెండుసార్లు తీసిన ఫొటోలు చూపించి తప్పులు దిద్దించుకోవడం సరిపోతుంది. ఉస్తాద్ వైపు కూడా ఒక బాధ్యత ఉంది. "నేర్చుకుంటోంది కదా" అని ఏడాదంతా ఉచితంగా పని చేయించుకోవడం ఈ రంగంలో మామూలైపోయింది. చెమట ఆరకముందే కూలి ఇవ్వమన్న ప్రవక్త (స) బోధన షాగిర్ద్‌కు కూడా వర్తిస్తుంది. మొదటి ఫంక్షన్ నుంచే రోజు కూలి ఎంతో ముందే అనుకోవాలి.

మొదలుపెట్టడానికి ముహర్రం అనువైన నెల. మన దగ్గర ఆ నెలలో పెళ్లిళ్లు పెట్టుకోరు, స్టూడియో వాళ్లకూ తీరిక ఉంటుంది. అప్పుడే కూర్చుని లెక్క కాగితం, ఒప్పందం కాగితం రాసుకుని, ఆ ఏడాది రిటైరయ్యే వాళ్లు గల్లీలో ఎవరెవరున్నారో కనుక్కుంటే, సీజన్ వచ్చేలోపు చూపించుకోవడానికి పది పన్నెండు కుటుంబాల ఫొటోలు, అవి చూపించడానికి వాళ్ల సంతకాలు చేతిలో ఉంటాయి.