పెంపుడు బల్లికి నేల ఎట్టిది కావలెను?

ఇంటి గోడలపై తిరుగు బల్లికి నేలతో అంతగా పని లేదు. దాని వేళ్ళ అడుగున సన్నని పొరలు వరుసలుగా ఉండును. ఆ పొరలపైనున్న అతిసూక్ష్మములైన రోమముల సహాయమున అది గోడను, పైకప్పును పట్టుకొని పాకగలదు. కాని బల్లులన్నియు ఇట్టివి కావు. జీవితమంతయు నేలమీదనే గడపు బల్లులు అనేకము కలవు. వాటికి నేల నడచు చోటు మాత్రమే కాదు. వెచ్చదనము, తేమ, దాగుటకు చాటు అన్నియు వాటికి నేలనుండియే లభించును.

నేడు అనేక దేశములలో ఇట్టి బల్లులను గాజు పెట్టెలలో పెంచుచున్నారు. పెట్టెను తెచ్చిన వెంటనే వచ్చు మొదటి ప్రశ్న, దాని అడుగున ఏమి పరచవలెనను నది. ఇసుకయా? రంపపు పొట్టా? కాగితమా? కొబ్బరి పొట్టా? ఈ పరుపు పైకి అలంకారముగా కనబడును. కాని దానిని సరిగా ఎన్నుకొననిచో బల్లి పొట్ట కాలవచ్చును; ప్రేగు మూసుకొని ప్రాణము పోవచ్చును; వ్రేళ్ళు ఊడిపోవచ్చును. ఈ ప్రమాదములకు కారణములను తెలిసికొనుటకు ఉన్నత పాఠశాలలో నేర్చు విజ్ఞానశాస్త్రమే చాలును.

ఎడారి యనగా ఇసుకయేనా?

పెంపుడు బల్లులలో మిక్కిలి ప్రసిద్ధి చెందినది లెపర్డ్ గెకో. దీనిని చిరుత బల్లి యని పిలువవచ్చును. పసుపుపచ్చని ఒంటిపై నల్లని మచ్చలుండుటచే దానికా పేరు వచ్చినది. ఆఫ్ఘనిస్థానము, పాకిస్థానము, భారతదేశపు వాయవ్య భాగము దీని నివాసములు. కలకత్తాలోని ఏషియాటిక్ సొసైటీ మ్యూజియమునకు క్యూరేటరుగా పనిచేసిన ఎడ్వర్డ్ బ్లైత్ 1854లో దీనిని శాస్త్రీయముగా వర్ణించెను. పెరిగిన బల్లి తోకతో కలిసి 20 నుండి 25 సెంటీమీటర్ల పొడవుండును. బలిసిన తోకలో క్రొవ్వును నిలువ చేసికొనును. ఇంటి బల్లికి లేని కదలు కనురెప్పలు దీనికి కలవు. దాని ప్రజాతి నామమైన 'యూబ్లెఫారిస్' లోనే గ్రీకు భాషలో 'కనురెప్ప' యను అర్థమిచ్చు మాట ఉన్నది. దీని వ్రేళ్ళకు అంటుకొను పొరలు లేవు. గోళ్ళు మాత్రమే ఉన్నవి. కావున ఇది గోడ నెక్కలేదు.

ఈ బల్లి ఎండు ప్రదేశములలో నివసించునని విన్నవారు 'అట్లయినచో ఇసుక పోసిన సరిపోవును' అని తలచెదరు. ఇచటనే పొరపాటు జరుగుచున్నది. ప్రపంచములోని ఎడారులలో ఇసుకచే కప్పబడిన భాగము సుమారు ఐదవ వంతు మాత్రమే. మిగిలినది రాతినేల, గులకనేల, గట్టిపడిన మట్టినేల. చిరుత బల్లి రాళ్ళ సందులలోను, గట్టి నేలలోని బొరియలలోను పగలంతయు దాగి, ప్రొద్దు గ్రుంకిన పిమ్మట వెలుపలికి వచ్చును. వదులైన ఇసుక దిబ్బ దాని ఇల్లు కాదు.

ఇసుకయే ఇల్లయిన బల్లులును లేకపోలేదు. సహారా ఎడారిలో 'శాండ్‌ఫిష్' అను స్కింకు జాతి బల్లి కలదు. అది ఇసుకలో దూరి ఈదినట్లు పోవును. 2009లో అమెరికాలోని జార్జియా టెక్ శాస్త్రజ్ఞులు ఎక్స్-కిరణములతో దానిని పరిశీలించి, ఇసుక లోపల అది కాళ్ళను ప్రక్కలకు చేర్చుకొని ఒంటిని అలలవలె వంచుచు సాగిపోవుచున్నదని చూపిరి. దానికి కాగితము పరచిన పెట్టె చెరసాల వంటిది. న్యూ కలెడోనియా దీవులలోని అడవులలో నివసించు క్రెస్టెడ్ గెకోకు తేమగల ఆకుల పొర కావలెను. ఈ మూడును బల్లులే. కాని మూడింటి నేలలు వేరు వేరు.

చిరుత బల్లికి దగ్గర బంధువులు తెలుగు నేలమీదను ఉన్నవి. తూర్పు కనుమలలో, ఒడిశా, ఆంధ్రప్రదేశ్ ప్రాంతములలో నివసించు ఒక బల్లిని శాస్త్రజ్ఞులు 2022లో ప్రత్యేక జాతిగా గుర్తించి 'యూబ్లెఫారిస్ పిక్టస్' అని పేరిడిరి. దాని ఒంటిపై పట్టీలను చూచి కొందరు భయపడవచ్చును. కాని దానికి విషము లేదు.

వేడి ఎట్లు ప్రయాణించును?

మనుష్యుని శరీరము తన వేడిని తానే పుట్టించుకొనును. బల్లి యట్లు కాదు. దానికి వేడి వెలుపలినుండి రావలెను. పగటి వేళ తిరుగు తొండ ఎండలో కూర్చుండి వేడిని గ్రహించును. రాత్రి తిరుగు చిరుత బల్లికి పగలు కాగిన రాళ్ళు ఉపయోగపడును. వాటిపై పొట్ట నానించి వేడిని తీసికొనును. కావున పెంచువారు పెట్టె యొక్క ఒక కొనయందు నేల సుమారు 32 డిగ్రీల సెంటిగ్రేడు, రెండవ కొనయందు సుమారు 25 డిగ్రీలు ఉండునట్లు చూతురు. వేడి కావలసినపుడు ఇటును, చాలినపుడు అటును బల్లి తానే జరుగును.

ఇందుకొరకు కొందరు పెట్టె అడుగున విద్యుత్తుతో వేడెక్కు పలకను అమర్చెదరు. పైన పలుచని రాతి బిళ్ళ యున్నచో వేడి త్వరగా పైకి వచ్చును. అదే పలకపై నాలుగైదు అంగుళముల పొడి ఇసుక పోసినచో ఏమగును? ఇసుక రేణువులు ఒకదానినొకటి చిన్న చిన్న బిందువులయొద్ద మాత్రమే తాకుచుండును. మిగిలిన చోటంతయు గాలియే. గాలి మంచి ఉష్ణవాహకము కాదు. నల్లరాతి ఉష్ణవాహకత పొడి ఇసుక కంటె సుమారు పది రెట్లు ఎక్కువ. అందుచేత పొడి ఇసుకలో వేడి పైకి రాలేక అడుగున నిలిచిపోవును. పైన చల్లగా నుండుటచే బల్లి తన స్వభావము ననుసరించి వేడిని వెదకుచు క్రిందికి త్రవ్వును. చివరకు కాగిన గాజును పొట్టతో తాకి కాల్చుకొనును.

కావున పలుచని రాతి బిళ్ళకు క్రిందినుండి వేడి పెట్టవచ్చును. లోతైన మట్టి పరుపునకు మాత్రము పైనుండి దీపముతో వేడి నీయవలెను; ప్రకృతిలో సూర్యుడు చేయు పని యిదియే. ఏ పద్ధతిలోనైనను వేడిని అదుపులో నుంచు థర్మోస్టాట్ తప్పనిసరి. పరుపు పైభాగమున ఉష్ణమాపకమునుంచి వేడిని కొలువవలెను.

ఎండు దేశపు బల్లికి తేమ ఏల?

వెలుపల గాలి ఎంత పొడిగానున్నను బొరియ లోపల కొంత తేమ నిలిచియుండును. బల్లి పెరుగుచుండగా పైచర్మమును విడుచును. ఆ సమయమున తేమ చాలనిచో ఎండిన చర్మము వ్రేళ్ళచుట్టు ఉంగరమువలె బిగిసికొనును. రక్తప్రసారము ఆగి వ్రేలు చచ్చి రాలిపోవును. పెంపుడు చిరుత బల్లులు వ్రేళ్ళను పోగొట్టుకొనుటకు ఇదియొక ముఖ్య కారణము.

దీనికై నేలనంతయు తడుపుట తగదు. తడిసిన నేలపై బూజు పట్టును, చర్మవ్యాధులును కలుగును. ద్వారముగల చిన్న డబ్బానొక దానిని పెట్టెలోనుంచి, దానిలో తడిపిన నాచును గాని, కొబ్బరి పొట్టును గాని వేసినచో చాలును. కొబ్బరి పీచును వేరుచేయగా మిగులు ఈ పొట్టు కోనసీమలో పీచు తీయు చోట్ల కుప్పలుగా కనబడును. దాని కణములు స్పంజివలె నుండుటచే తన బరువునకు అనేక రెట్లు నీటిని పట్టియుంచగలదు. కాని పూర్తిగా ఎండినపుడు దుమ్మై లేచి కన్నులలోను, ముక్కులోను పడును.

కడుపులోనికి పోవు రేణువులు

బల్లి పురుగుపై దూకి నోటితో పట్టుకొనునపుడు కొన్ని రేణువులు లోనికి పోవును. ఆరోగ్యముగానుండి, చాలినంత వేడియు నీరును గల బల్లి వాటిని మలముతో విసర్జించును. వేడి తక్కువైనపుడు జీర్ణక్రియ మందగించును; నీరు చాలనిచో ప్రేగులోని పదార్థము గట్టిపడును. అపుడు రేణువులు ప్రోగై ప్రేగును మూసివేయగలవు. ఆహారములో కాల్షియము లోపించిన బల్లి ఒక్కొక్కప్పుడు ఇసుకను కావలెననియే తినును. చిన్న పిల్లలకు ప్రేగు సన్నము గనుక ప్రమాదము మరింత ఎక్కువ. అనగా దోషము ఇసుకది మాత్రమే కాదు. పోషణలోని లోపములు ఇసుకతో కలిసి ప్రాణము తీయును.

సున్నపురాతి పదార్థమైన కాల్షియం కార్బొనేటుతో చేసిన ఇసుకను 'ఇది జీర్ణమగును' అని చెప్పి అమ్ముట కలదు. కాల్షియం కార్బొనేటు జీర్ణాశయములోని హైడ్రోక్లోరిక్ ఆమ్లముతో కలిసి కార్బన్ డయాక్సైడు నిచ్చి కరగునను మాట నిజమే. కాని జీర్ణాశయములోని ఆమ్లము కొద్దిపాటి. గుప్పెడు ఇసుక తిన్న బల్లిలో ఆమ్లము ఖర్చగును; ఇసుక మాత్రము మిగులును. కాల్షియమును నేలపై పరచక, మేతగా వేయు పురుగులపై పొడిగా చల్లుటయే సరియైన మార్గము. అక్రోటు పెంకుల నలగ్గొట్టిన ముక్కలకు వాడియంచులుండును. మొక్కజొన్న కండెల ముక్కలు తేమకు ఉబ్బి బూజు పట్టును. ఈ రెండును పనికిరావు.

వాసనయు, మలినమును

సువాసన గల కొయ్య పొట్టు శుభ్రమైనదని పలువురు తలచెదరు. ఆ సువాసన గాలిలోనికి ఆవిరియగు రసాయనములదే. 1967లో ఎలియట్ వెసెల్ అను శాస్త్రజ్ఞుడు ఎలుకలపై పరిశోధించి, ఎర్ర సీడారు వంటి మెత్తని కొయ్యల పొట్టుపై పెరిగిన ఎలుకల కాలేయములో మందులను విచ్ఛిన్నము చేయు ఎంజైముల చర్య హెచ్చినదని ప్రకటించెను. పరుపునుండి వెలువడు ఆవిరి శరీరపు లోపలి పనిని సైతము మార్చగలదని దీనివలన తేలినది. మూసిన పెట్టెలో బల్లి రాత్రింబవళ్ళు ఆ గాలినే పీల్చవలెను. కావున వాసనగల పొట్టును వాడరాదు.

బల్లి నీటిని పొదుపు చేయుటకై వ్యర్థ నత్రజనిని యూరిక్ ఆమ్లముగా మార్చి తెల్లని ముద్దగా విసర్జించును. దానిని తీసివేయనిచో బాక్టీరియాలు దానినుండి అమ్మోనియాను పుట్టించును. కాగితముపై మలినము వెంటనే కనబడును. ఇసుకలో అది దాగును. ఏ పరుపైనను ప్రతిదినము మలినమును ఏరివేయవలెను. ఆరోగ్యముగా కనబడు బల్లులలో సైతము సాల్మొనెల్లా బాక్టీరియాలు ఉండవచ్చును. పెట్టెను ముట్టినవారు సబ్బుతో చేతులు కడుగుకొనుట మరువరాదు.

ఏది ఎప్పుడు?

క్రొత్తగా తెచ్చిన బల్లికి, రోగియగు బల్లికి, పిల్లకు తెల్ల కాగితము మేలు. చౌకగా మార్చవచ్చును, మలమును పరీక్షించుట సులభము. ఆరోగ్యముగల చిరుత బల్లికి గరుకైన రాతి బిళ్ళలు మంచివి. అవి వేడిని చక్కగా అందించును, గోళ్ళను అరుగదీయును. నున్నని గాజువంటి పలకలు కాలు జారుటచే పనికిరావు. త్రవ్వుటకు అవకాశమీయదలచినవారు ఎరువులు, పురుగుమందులు కలియని మట్టి ఏడు పాళ్ళు, కడిగిన ఇసుక మూడు పాళ్ళు కలిపి, తడిపి, అదిమి, ఆరనిచ్చెదరు. మట్టిలోని బంక రేణువులు ఇసుకను పట్టియుంచుటచే బొరియ కూలదు. దీని స్వస్థలపు నేలకు ఇదియే దగ్గర పోలిక.

తరగతిలో చేయదగిన పరీక్షలు

ఈ విషయములను పరీక్షించుటకు బల్లితో పని లేదు. ఒకే కొలతగల నాలుగు రేకు డబ్బాలలో ఇసుక, మట్టి, రంపపు పొట్టు, కొబ్బరి పొట్టు నింపి ఎండలో నుంచవలెను. పైభాగమునను, అయిదు సెంటీమీటర్ల లోతునను పది నిమిషముల కొకసారి ఉష్ణోగ్రతను గుర్తించి గ్రాఫు గీయవలెను. పిమ్మట ఒక్కొక్క పదార్థమును నూరు గ్రాములు తీసికొని, ఏబది మిల్లీలీటర్ల నీరు పోసి, వారము దినములు ప్రతిదినము తూచినచో ఏది తేమను ఎంతకాలము నిలుపునో తెలియును.

గాజు సీసాలో మూడవ వంతు మట్టి వేసి, నీరు నింపి, బాగుగా కుదిపి నిలుపవలెను. మొదట ఇసుక దిగును. కొన్ని గంటలలో ఒండ్రు దిగును. బంకమట్టి దిగుటకు ఒక దినమో, అంతకు మించియో పట్టును. పొరల మందమును కొలిచి, ఆ మట్టి బొరియకు తగునో తగదో విద్యార్థులే నిర్ణయింపవచ్చును.

ఈ ఆసక్తితో పొలములోని ఉడుమును గాని, చెట్టుమీది ఊసరవెల్లిని గాని పట్టి తెచ్చుట తగదు. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టము వాటిని కాపాడుచున్నది. వాటిని చూడదగిన చోటు వాటి స్వంత నేలయే. అచట ఆ నేల రాతిదా, ఇసుకదా, తడిదా, పొడిదా, పగలు ఎంత కాగును, రాత్రి ఎంత చల్లబడును అని కొలిచి వ్రాసికొన్న విద్యార్థి, ఏ పెట్టెలో ఏమి పరచవలెనో మరియొకరి నడుగనక్కరలేదు.