ఏ పేరుకు ఏ పుంజు?

కోళ్లు పెంచే రైతులకు ఇంగ్లీషు మాటలతో పని తప్పదు. హేచరీల ధరల పట్టికలలోను, శిక్షణ పుస్తకాలలోను, బ్యాంకు అప్పు కాగితాలలోను అవే కనిపించును. మనకు మగది పుంజు, ఆడది పెట్ట. ఈ రెండు మాటలతో పని జరిగిపోవును. ఇంగ్లీషులో అట్లు కాదు. పుంజు ఒక్కదానికే పలు పేర్లు గలవు. వాటి భేదము తెలియక సంతకము పెట్టినచో, ఒకటి కోరి మరొకటి ఇంటికి తెచ్చుకొనవలసి వచ్చును.

కాక్, కాకెరెల్

ఈ రెండింటి భేదము వయస్సులో ఉన్నది. ఏడాది నిండిన పుంజు కాక్, నిండనిది కాకెరెల్. పెట్టలకు కూడ ఇదే లెక్క: ఏడాది లోపుది పుల్లెట్, ఆపైన హెన్.

అంగడిలో మాత్రము జాగ్రత్త అవసరము. కాకెరెల్ పిల్లలని చౌకగా అమ్మేవి తరచుగా గుడ్ల జాతుల మగపిల్లలే. బ్రాయిలర్ పిల్లలు ఆరు వారాలలో దాదాపు 2 కిలోలు తూగును. ఇవి అంత త్వరగా ఎదగవు. పిల్ల ధర చూచి మురిసిపోక, ఎన్ని వారాలు మేపవలెనో, ఎంత మేత పట్టునో ముందుగా లెక్క వేసుకొనండి. ఆడ మగ వేరుచేయని పిల్లలను 100 కొన్నచో సుమారు సగము పుంజులే తేలును. గుడ్ల కొరకు కొనేవారు ఈ సంగతి మరువరాదు.

రూస్టర్

ఇది వేరే జాతి కాదు. పుంజుకు అమెరికావారి మాట. రూస్ట్ అనగా రాత్రివేళ కోళ్లు ఎక్కి కూర్చుండే కర్ర. నిజానికి దానిపై పెట్టలూ కూర్చుండును. కాక్ అనే మాటకు అసభ్యమైన అర్థము కూడ ఉన్నందున, 18వ శతాబ్దము నుండి అమెరికాలో రూస్టర్ అనే మాట వ్యాపించినది. బ్రిటనులో నేటికీ కాక్, కాకెరెల్ అనే మాటలే ఎక్కువ వాడుక. ఏదైనా కోళ్ల రకము పేరులో రూస్టర్ అని ఉన్నంత మాత్రాన ఆ పిల్లలన్నీ మగవని తలచరాదు. జాతి ఏదో అడిగి తెలిసికొనండి.

కేపన్

కోడెకు ఎద్దు ఎట్లో, పుంజుకు కేపన్ అట్లు. మాంసము మెత్తగా ఉండుటకై చిన్నతనములోనే వృషణాలు తీసివేసిన పుంజు ఇది. జుట్టు చిన్నదిగా ఉండును, పోట్లాట తక్కువ, ఒళ్లు కొవ్వు పట్టును. మందలో జత కట్టుటకు ఇది పనికిరాదు. కోడికి వృషణాలు కడుపు లోపల వెన్నెముకను ఆనుకొని ఉండును గనుక, ఈ పని ఇంటివద్ద ప్రయత్నించవద్దు.

మీకు ఏది కావలెను?

గుడ్లు అమ్ముకొనుటకే పెంచుచున్నచో అసలు పుంజుతో పని లేదు. పుంజు లేకున్నను పెట్ట గుడ్డు పెట్టును. ఆ గుడ్డు పొదగదు, అంతే. పిల్లలు చేయించవలెనన్న సుమారు 10 పెట్టలకు ఒక పుంజు చాలును. ఇందుకు చురుకైన, ఆరేడు నెలలు దాటిన కాకెరెల్ మంచిది. ఆ పుంజునే ఏళ్ల తరబడి ఉంచి, దాని కూతుళ్లతో కలియనీయరాదు. అట్లు చేసినచో గుడ్లు సరిగా పొదగక, పిల్లలు బలహీనమగును.

వయస్సు తెలియుటకు కాలు చూడండి. లేత పుంజు కాలి వెనుక ముల్లు చిన్న బుడిపె వలె ఉండును. ముదురు పుంజుకు అది పొడవుగా, గట్టిగా పెరుగును. లేత పుంజు కాలి పొలుసులు నున్నగాను, ముదురుదానికి గరుకుగాను ఉండును.

కాగితముపై ఇంగ్లీషు పేరు ఒక్కటే వ్రాసి ఊరుకొనవద్దు. జాతి, వయస్సు, ఆడ మగల సంఖ్య ప్రక్కనే తెలుగులో వ్రాయించండి. రైతుల తరఫున దరఖాస్తులు నింపే గ్రామోద్యోగులు కూడ ఈ పద్ధతి పాటించినచో, పిల్లలు దిగిన తరువాత తగవులు ఉండవు.