దవడ మాట వినే వయసు

పన్ను పుచ్చితే ఒకరు, చిగురు వాస్తే ఒకరు, పలువరుస వంకర పోతే మరొకరు. నోరు ఒక్కటే అయినా వైద్యులు వేరు. ఎవరి దగ్గరికి, ఎప్పుడు వెళ్లాలో తెలిస్తే సగం ఇబ్బంది తీరినట్లే!

‘పెళ్లీడు వచ్చాక చూద్దాంలే...’ అమ్మాయికి ఎత్తుపళ్లుంటే చాలా ఇళ్లలో వినిపించే మాటిది. అబ్బాయైతే అసలా ఊసే ఉండదు. తీరా సంబంధాలు చూసే వేళకి ‘ఆర్నెల్లలో సరిచేసేయండి డాక్టరుగారూ’ అంటూ పరుగులు. పళ్లూ చిగుళ్లూ గట్టిగా ఉంటే క్లిప్పులు పెద్దయ్యాకా వేయించుకోవచ్చు. కానీ దవడ తీరు మార్చాలంటే అది ఎదిగే వయసే అనువైనది. ఆ అదను దాటితే కొందరికి ఆపరేషన్ తప్పకపోవచ్చు.

ఏడేళ్లకే ఓసారి...

అమెరికా ఆర్థోడాంటిస్టుల సంఘం పిల్లల్ని ఏడేళ్లలోపే ఓసారి చూపించమంటుంది. వెంటనే క్లిప్పులు వేస్తారని కాదు. పాలపళ్లూ, శాశ్వత దంతాలూ కలిసుండే ఆ వయసులో దవడ ఇరుకుగా ఉందేమో తెలుస్తుంది. వేలు చీకడం, నోటితో గాలి పీల్చడం వంటి అలవాట్లూ బయటపడతాయి.

‘పాలపళ్లే కదా, ఊడిపోయేవే’ అనుకోవడమూ పొరపాటే. పుచ్చిన పాల దవడపన్నుని ముందే తీసేస్తే పక్కపళ్లు ఆ ఖాళీలోకి ఒరుగుతాయి. కొత్త పన్నుకి చోటుండదు. అందుకే అవసరమైతే అక్కడ స్పేస్ మెయింటెయినర్ అమరుస్తారు.

ఎవరి పని వారిదే

మామూలు పరీక్షకీ, ఫిల్లింగుకీ బీడీఎస్ చదివిన దంతవైద్యులు చాలు. ఆపైన మూడేళ్లు ఎండీఎస్ చేసినవారు నిపుణులు. రూట్ కెనాల్‌కి ఎండోడాంటిస్టు, చిగుళ్లకి పీరియోడాంటిస్టు, ఇరుక్కున్న జ్ఞానదంతానికి ఓరల్ సర్జన్, పిల్లలకి పీడోడాంటిస్టు. పలువరుస, దవడల తీరు ఆర్థోడాంటిస్టు పని.

తొందర పనికిరాదు

క్లిప్పు తీగ పన్నుని మెల్లగా నెడుతుంది. ఒత్తిడి పడినవైపు ఎముక కరుగుతుంది, వెనకవైపు కొత్తది పుడుతుంది. పన్ను జరిగేది నెలకి సుమారు ఒక మిల్లీమీటరే. అందుకే చికిత్సకి ఏడాదిన్నర, రెండేళ్లు పడుతుంది. అతిగా లాగితే వేరు అరిగిపోవచ్చు. క్లిప్పులు తీశాక రిటెయినర్ పెట్టుకోకపోతే పళ్లు మళ్లీ పాతదారి పడతాయి.

ఖర్చుకి వెనకాడేవారికి హైదరాబాద్, విజయవాడల్లో ప్రభుత్వ దంతవైద్య కళాశాలలున్నాయి. క్లిప్పులు వేయించే ముందు మాత్రం, వేసేది ఆర్థోడాంటిక్స్‌లో ఎండీఎస్ చేసినవారేనా అని అడగండి. అడగడానికి మొహమాటం ఎందుకు... నవ్వు మన పిల్లలదే కదా!