ఆరు అంకెల్లో హీరో పుట్టాడు!

బలం 8, చురుకు 14, దారుఢ్యం 13, తెలివి 13, వివేకం 7, ఆకర్షణ 6!

ఏమిటీ లెక్కలు అనుకుంటున్నారా? ఎవరి మార్కుల లిస్టో కాదు సుమండీ! ఇది ఒక పాత్ర జాతకం. మన సినిమాల్లో అయితే రచయిత "కథానాయకుడికి పాతికేళ్ళు, కోపిష్టి, తల్లంటే ప్రాణం" అని రాసిస్తాడు. నటుడు అది చదువుకుని మేకప్ వేసుకుంటాడు. కానీ పాత్రకు పేరైనా పెట్టకముందే, చేతిలో ఆరు అంకెలు పెట్టి "ఇదిగో నీ హీరో, ఇక నటించు" అనే ఆట ఒకటుంది. దాని పేరు డంజన్స్ అండ్ డ్రాగన్స్.

పేరు ఎక్కడో విన్నట్టుందా? వినే వుంటారు. 1982లో స్పీల్‌బర్గ్ తీసిన 'ఇ.టి.' చూశారుగా! మొదట్లో కుర్రాళ్ళంతా బల్ల చుట్టూ చేరి ఆడుకునేది ఇలాంటి ఆటే. 2016లో మొదలైన 'స్ట్రేంజర్ థింగ్స్' మొదటి ఎపిసోడ్‌లో నలుగురు పిల్లలు గొంతు చించుకుంటూ ఆడేది అచ్చంగా ఇదే. 2023లో క్రిస్ పైన్ హీరోగా 'ఆనర్ అమాంగ్ థీవ్స్' అనే సినిమా కూడా వచ్చింది దీని మీద. కండల వీరుడు విన్ డీజిల్ ఈ ఆటంటే చెవి కోసుకుంటాడని హాలీవుడ్ అంతటికీ తెలుసు.

వెండితెర లేని సినిమా

అమెరికాలో గ్యారీ గైగాక్స్, డేవ్ ఆర్నెసన్ అనే ఇద్దరు కలిసి 1974లో ఈ ఆటను అచ్చు వేశారు. గైగాక్స్‌ది విస్కాన్సిన్ రాష్ట్రంలో లేక్ జెనీవా అనే చిన్న ఊరు. మొదట వేసింది వెయ్యి ప్రతులే. ఆ వెయ్యి నుంచి ఆట ప్రపంచమంతా పాకింది. గైగాక్స్ 2008లో, ఆర్నెసన్ 2009లో కన్నుమూశారు. ఆట మాత్రం ఆగలేదు.

ఆడే పద్ధతి తేలికే. ఒకరు డంజన్ మాస్టర్. అంటే కథ, దర్శకత్వం, ప్రతినాయకుడి వేషం, గుంపులో నిలబడే జూనియర్ ఆర్టిస్టుల వేషాలు అన్నీ ఆయనవే! తక్కినవారు తలా ఒక పాత్ర పట్టుకుంటారు. "నీ ఎదుట పాడుబడ్డ కోట వుంది, తలుపు బిగిసిపోయి వుంది. ఏం చేస్తావ్?" అంటాడు మాస్టర్. "భుజంతో గుద్దుతాను" అంటాడు ఆటగాడు. తలుపు విరిగిందా, భుజం విరిగిందా అన్నది పాచికలు తేలుస్తాయి. అక్కడే ఆ ఆరు అంకెలూ రంగప్రవేశం చేస్తాయి.

ఆరుగురు అన్నదమ్ములు

బలం అంటే మీకు చెప్పక్కర్లేదు. ఎత్తడం, విరగ్గొట్టడం, కొట్టడం. చురుకు అంటే చేతివాటం, కాలివేగం, గురి. దారుఢ్యం అంటే దెబ్బ తినీ నిలబడే శక్తి. మన ఫైట్లలో హీరో దెబ్బలన్నీ తిని, పెదవి మీద నెత్తురు తుడుచుకుని లేస్తాడు చూశారూ... అది బలం కాదు, దారుఢ్యం!

తికమకంతా తెలివికీ, వివేకానికీ దగ్గరే వస్తుంది. రెండూ ఒకటే కదా అంటారా? కాదండీ. రైల్వే టైంటేబుల్ మొత్తం బట్టీ పట్టినవాడిది తెలివి. ఈ బండి ఏనాడూ వేళకు రాలేదని గమనించి, ఇంట్లో అన్నం తిని తీరుబడిగా బయల్దేరినవాడిది వివేకం. ఒకటి వున్నచోట రెండోది వుండాలని రూలేం లేదు.

ఇక ఆరోది ఆకర్షణ. దీన్ని అందం అనుకుంటే పప్పులో కాలేసినట్టే. 1974 నాటి నియమాల్లో ఈ అంకె చేసే ముఖ్యమైన పని, మీ వెనక ఎంతమంది అనుచరులు నడుస్తారో చెప్పడం. ముఖం బాగున్నంత మాత్రాన ఎవరైనా కొండ ఎక్కి కోట మీద పడతారా చెప్పండి! అందాన్ని విడిగా లెక్కగట్టాలని సరదా పడి 1985లో ఏడో అంకెను కూడా కలిపి చూశారు. అది నిలవలేదు. 'మాయాబజార్'లో ఘటోత్కచుడిగా ఎస్.వి. రంగారావు తెర మీదికి రాగానే హాల్లో ఏమయ్యేదో మీ తాతగారిని అడగండి. రాక్షసుడి మేకప్‌లో వున్నాడాయన! అదీ ఆకర్షణ అంటే.

పదికి పది రాలేదని ఏడవకండి

అసలు ఈ అంకెలు ఎక్కణ్ణుంచి వస్తాయి? మొదటి పద్ధతి ప్రకారం, ఒక్కో అంకెకు మూడు పాచికలు వేసి కూడడమే. కనిష్ఠం 3, గరిష్ఠం 18. ఇక్కడే కుర్రాళ్ళు పొరబడతారు. "18కి 10 వచ్చింది, అంటే అత్తెసరు పాసు" అని మూతి ముడుస్తారు. లెక్క అది కాదు.

మూడు పాచికలు మొత్తం 216 రకాలుగా పడొచ్చు. అందులో 18 పడేది ఒకే ఒక్క రకం. 3 పడేదీ అంతే. 9 నుంచి 12 లోపల పడే రకాలు మాత్రం 104! దాదాపు సగం. అంటే 10 వచ్చినవాడు బొటాబొటీ పాసైనవాడు కాదు, బజారులో మీకు ఎదురయ్యే మామూలు మనిషి. 18 వచ్చినవాడు 216 మందిలో ఒకడు. మన కాలేజీలో అలాంటివాడు ఒకడో ఇద్దరో వుంటారు, వాళ్ళ పేరు అందరికీ తెలిసే వుంటుంది.

కొందరు ఆటగాళ్ళు తెలివి అంకెను పదితో హెచ్చవేసి "ఇది వీడి ఐక్యూ" అని తేల్చేస్తారు. 13 అయితే 130, 7 అయితే 70 అన్నమాట. వినడానికి బాగానే వుంది, లెక్కకు మాత్రం నిలవదు. మూడు పాచికల్లో 7 గానీ అంతకు తక్కువ గానీ పడే రకాలు 35. అంటే ఆరుగురిలో ఒకరికి ఐక్యూ 70కి మించదని చెప్పినట్టే! నిజమైన ఐక్యూ పరీక్షల్లో అంత తక్కువ వచ్చేవారు నూటికి ఇద్దరు ముగ్గురే. కనుక తెలివి 7 పడితే ఆ పాత్ర మతిలేనిది కాదు. లెక్కల్లో కాస్త నెమ్మది, అంతే.

ఇంకో చిత్రం చూడండి. 1979లో వచ్చిన డంజన్ మాస్టర్ల పుస్తకంలో వేరే పద్ధతులు కూడా ఇచ్చారు. వాటిలో ఒకటి నాలుగు పాచికలు వేసి, అన్నిటికన్నా చిన్నదాన్ని తీసెయ్యడం. దాంతో సగటు పన్నెండు దాటింది. 18 పడే అవకాశం మూడున్నర రెట్లయింది. అలా పుట్టిన వీరుల మధ్య 10 కాస్త వెనకబడ్డ అంకె. ఊళ్ళో జనం మధ్య అదే 10 సరిసమానం. అంకె మారలేదు, పక్కన నిలబడ్డవాళ్ళు మారారు!

రాథ్‌కు ఎన్ని వేషాలు?

మొదట చెప్పిన ఆరు అంకెలు గుర్తున్నాయా? అవి ఊరికే వేసినవి కావు. 1989లో వచ్చిన ఆట రెండో కూర్పు పుస్తకంలో రాథ్ అనే పాత్రవి. అంకెలు చూసి మనిషిని ఎలా ఊహించుకోవాలో చెప్పడానికి ఆ పుస్తకం ఒకే రాథ్‌ను రెండు రకాలుగా చూపించింది.

ఒక రాథ్ వట్టి సోమరి. ఒంట్లో ఆరోగ్యం వుంది, కానీ ఒళ్ళు వంచడు, అందుకే బలం లేదు. తెలివిని వెటకారాలకు ఖర్చు పెడతాడు. ఎవరైనా తన్నబోతే చురుగ్గా తప్పించుకుంటాడు. ఇంకో రాథ్ పుస్తకాల పురుగు. చదువుల్లో మునిగి కసరత్తు మరిచాడు. నలుగురిలో కలవడు గనక లోకం తెలీదు, మాట పెగలదు. కానీ మనసు వెన్న. ఎప్పుడూ ఏదో ఒక యంత్రం బిగిస్తూ వుంటాడు.

ఒక్క అంకె కూడా మారలేదు. మనిషి మాత్రం పూర్తిగా మారిపోయాడు!

మూడో రాథ్‌ను మనమే కడదామా? పేదింటి పిల్లాడు. చిన్నప్పుడు సరైన తిండి లేక ఒళ్ళు బలం పుంజుకోలేదు, కానీ ఎండావానా తట్టుకునే గట్టి పిండం. గడియారాలు బాగుచేసే కొట్లో పని నేర్చాడు కనుక వేళ్ళు చురుకు. అప్పు అడిగిన ప్రతివాడినీ నమ్ముతాడు, వివేకం అంతే మరి. ఎదుటివాడి కళ్ళలోకి చూసి మాట్లాడలేడు, అందుకే నిజం చెప్పినా అబద్ధంలా వుంటుంది. వీడు రేపు సాక్ష్యం చెప్పాల్సి వస్తే? అదుగో, కథ మొదలైంది! ఆకర్షణ 18 వుంటే ఈ కథ పుట్టేదే కాదు.

అంకెలు రాసిన చెయ్యి

అయితే అంకెలు దేవుడు రాసినవి కావు, మనుషులు రాసినవి. 1978 నాటి పుస్తకంలో ఆడపాత్రల బలానికి మగపాత్రల కన్నా తక్కువ హద్దు పెట్టారు. అగ్నిశ్వాస విడిచే డ్రాగన్లను నమ్మిన ఆట, బలమైన ఆడదాన్ని నమ్మలేకపోయిందన్నమాట! 1989 కూర్పులో ఆ హద్దు తీసేశారు. 2023 సినిమాలో గుంపుకంతటికీ కండబలం మిషెల్ రోడ్రిగ్స్ వేసిన హోల్గా. హీరో క్రిస్ పైన్ చేతిలో వీణలాంటి వాయిద్యం, నోటినిండా పథకాలు. తన్నులాట వస్తే ఆమె పని, మాట్లాడాల్సి వస్తే అతని పని. చూసినవాళ్ళు ఎవరూ ఇదేం చోద్యం అనలేదు.

2000లో వచ్చిన మూడో కూర్పు లెక్కను ఇంకా సులువు చేసింది. 10కి ఏమీ కలవదు. అక్కణ్ణుంచి రెండేసి అంకెలకు ఒకటి చొప్పున పెరుగుతుంది, తగ్గుతుంది. పాచికకేమో ఇరవై ముఖాలు. ఆ లెక్కన బలం 8 వున్న రాథ్‌కూ, 14 వున్న వస్తాదుకూ తేడా మూడంటే మూడు. వస్తాదు తలుపు గుద్దితే విరిగే అవకాశం రాథ్ కన్నా నూటికి పదిహేను పాళ్ళు ఎక్కువ, అంతే! తక్కినదంతా పాచిక దయ, ఆటగాడి ధైర్యం.

గొంతు ఎవరిది?

ఇక్కడ ఒక గట్టి చిక్కుంది. నలుగురిలో నోరు విప్పలేని కుర్రాడికి ఆకర్షణ 18 వున్న పాత్ర దొరికితే? "ఏదీ, రాజుగారిని ఒప్పించే డైలాగు చెప్పు" అని మాస్టర్ నిలదీస్తే వాడు ఆట మానేసి ఇంటికి పోతాడు. బలం 18 వున్న పాత్రను ఆడేవాణ్ణి బల్ల ఎత్తి చూపించమంటున్నామా? లేదే! మంచి మాస్టర్లు చేసేది ఏమిటంటే, ఏం అడగదలుచుకున్నాడో ఒక్క ముక్కలో చెప్పమంటారు, మిగతాది పాచికకు వదిలేస్తారు. మన సినిమాల్లో హీరో పెదవులు కదుపుతాడు, పాట ఘంటసాల పాడతాడు. ఇదీ అంతే. పాచిక ప్లేబాక్ పాడుతుంది!

తిరగేసి చూస్తే, బాగా తెలివైనవాడికి తెలివి 6 పాత్ర పడుతుంది. వాడు ఎత్తులు చెప్పకుండా నోరు కట్టుకోవాలా? అక్కర్లేదు. ఆ ఎత్తు పాత్రకు పొరబాటున తట్టినట్టు ఆడొచ్చు. వెర్రివాడి వేషానికి ఎంత తెలివి కావాలో రేలంగిని చూసినవాళ్ళకు వేరే చెప్పాలా?

ఈ ముచ్చటకు హాలీవుడ్‌లో ఒక చక్కని సాక్ష్యం వుంది. 'ఫ్రీక్స్ అండ్ గీక్స్' అని 1999లో మొదలైన టీవీ సీరియల్. చివరి ఎపిసోడ్‌లో, స్కూల్లో దమ్ములు కొడుతూ తిరిగే స్టైలు కుర్రాడు, అంటే జేమ్స్ ఫ్రాంకో, పుస్తకాల పురుగుల సరసన ఈ ఆటకు కూర్చుంటాడు. అతను ఆడిన పాత్ర మహావీరుడు కాదు, కార్లోస్ అనే మరుగుజ్జు! ఆటలో లీనమైపోతాడు. ఆ బల్ల దగ్గర కూర్చున్న చిన్న కుర్రాడు జాన్ ఫ్రాన్సిస్ డేలీ. పెద్దయ్యాక 2023 సినిమాకు ఇద్దరు దర్శకుల్లో ఒకడు అతనే!

మన కుర్రకారుకు అంకెల బాధ తెలియంది కాదు. ర్యాంకు ఎంత, మార్కులెన్ని, ఎత్తెంత, జీతమెంత అని పుట్టినప్పటి నుంచీ ఎవరో ఒకరు అడుగుతూనే వుంటారు. అడిగినవాళ్ళు అంకె విని లేచిపోతారు, కథ విన్నామనే అనుకుంటారు. ఈ ఆటలో అంకె విన్నాక ఎవరూ లేవరు. "సరే, బలం 8. ఎందుకలా అయ్యాడు? ఇప్పుడేం చేస్తాడు?" అని కుర్చీ ముందుకు జరుపుకుంటారు.

మీకు ఆకర్షణ 6 పడిందా? కంగారు పడి పాచికలు మళ్ళీ వెయ్యకండి. 18 వేషం ఎవరైనా కడతారు. ఆ 6ను మరిచిపోలేని పాత్రగా చెయ్యండి చూద్దాం!