నర్సు వృత్తి మానదలచిన బిడ్డకు పెద్దలు చెప్పదగినది

నేడు మన గ్రామములలో అనేక గృహములందు కూతురో కోడలో నర్సు పరీక్ష యందు కృతార్థురాలై పట్టణపు టాసుపత్రిలో పనిచేయుచున్నది. ఆ బిడ్డ సంక్రాంతికి ఇంటికి వచ్చి, "నాన్నగారూ, ఈ యుద్యోగము మానివేసి మఱియొక పని చూచుకొందును" అని మెల్లగా చెప్పినచో ఇంటి పెద్దకు గుండె గుభేలుమనును. చదువునకై అమ్మిన యెకరము జ్ఞప్తికి వచ్చును. అంతయు బూడిదలో పోసిన పన్నీరయ్యెనే యని విచారపడును. ఆ విచారము సహజమే. కాని, మానవలదని గద్దించుటకు గాని, సరేయని తల యూపుటకు గాని పూర్వము తెలిసికొనవలసిన సంగతులు కొన్ని కలవు. వానిని మనవి చేసెదను.

మొట్టమొదట అడుగవలసిన ప్రశ్న, ఏల మానదలచితివి, అని. జీతము చాలకనా? దేహము సహింపకనా? ఈ రెంటికిని మందు ఒకటి కాదు. జీతము సంగతి యైనచో, 2016 వ సంవత్సరము జనవరి నెలలో సుప్రీము కోర్టువారు ప్రైవేటు ఆసుపత్రుల నర్సుల జీతములను విచారించుటకు ఒక సంఘమును నియమింపుడని కేంద్ర ప్రభుత్వము నాజ్ఞాపించిరి. 50 పడకలు లేని చిన్న ఆసుపత్రిలో సైతము నెలకు 20,000 రూపాయలకు తక్కువ గాకుండ ఈయవలెననియు, 200 పడకలకు మించిన చోట ప్రభుత్వపు నర్సుతో సమానముగా నీయవలెననియు ఆ సంఘమువారు సిఫారసు చేసిరి. సిఫారసు వేఱు, చేతికందు జీతము వేఱు. దానిని అమలు జరుపుట రాష్ట్రముల వంతైనది. అయినను, జీతమే కారణమైనచో ఆసుపత్రిని మార్చుకొన్న చాలును, వృత్తిని మార్చుకొన నక్కఱలేదు.

దేహము సహింపనిచో సంగతి వేఱు. లేవలేని రోగిని పలుమాఱు ఎత్తి ప్రక్కకు త్రిప్పవలసిన పని యిది. బస్తాలు మోయు కూలివాని నడుము నొప్పిని మన మెఱుగుదుము గాని, నర్సుల నడుమును గూర్చి యాలోచింపము. రాత్రి పనులు దీనికి తోడు.

ఇట్లు నడుము నొప్పిచేతనే వృత్తి మానిన ఒక యింగ్లీషు వనిత చరిత్రమును వినుడు. ఆమె పేరు సిసిలీ సాండర్స్. 1918 లో జన్మించినది. యుద్ధకాలమున, 1940 లో, లండను నగరములోని సెయింటు థామస్ ఆసుపత్రిలో నర్సు శిక్షణమునకు చేరినది. శిక్షణము ముగిసినది గాని, వెన్ను నొప్పి మితిమీఱుటచే మంచము కడ నిలుచు పని చేయరాదైనది. ఆమె యింటికిపోయి కూర్చుండక, రోగుల కుటుంబముల కష్టసుఖములను, డబ్బు యిబ్బందులను విచారించు ఉద్యోగమునకు వలసిన చదువు చదివి, మరల ఆసుపత్రికే వచ్చినది. అక్కడ వార్సా నగరము విడిచి వచ్చిన డేవిడ్ టాస్మా యను రోగి, పుట్టకురుపుచే మరణమున కెదురు చూచుచుండెను. చావు సమీపించినవారికి నొప్పి లేకుండ, ఏకాకితనము లేకుండ గడచుటకు ఒక గృహముండవలెనని వారిరువురును మాటలాడుకొనెడివారు. 1948 లో అతడు చనిపోవుచు ఆమెకు 500 పౌనులు వ్రాసియిచ్చెను. నర్సుగా చెప్పిన మాటను వైద్యులు వినరని, ముందు వైద్యము చదువుమని ఒక శస్త్రవైద్యుడు ఆమెకు సలహా నిచ్చెను. ముప్పది మూడవయేట విద్యార్థినియై, 1957 లో వైద్యురాలై, 1967 లో సెయింటు క్రిస్టఫర్స్ అను గృహమును నెలకొల్పినది. నేడు అనేక దేశములలో మరణాసన్నులకు జరుగు ఉపశమన సేవకు ఆ గృహము మార్గదర్శకమైనది. మన దేశమున కేరళములోని కోళిక్కోడునందు 1993 లో ఇట్టి సేవాసంఘ మొకటి వెలసినది.

వృత్తిని విడిచినది గాని, ఆ వృత్తిలో నేర్చిన దానిని విడువలేదు. ఇది మన మాలోచింపవలసిన సంగతి.

గోదావరి మండలమువారికి మఱియొక మాట చెప్పవలెను. ఫ్లారెన్సు నైటింగేలు పేరు వినని నర్సు ఉండదు. ఆమె స్వయముగా రోగులకు సేవచేసిన కాలము సుమారు మూడేండ్లు మాత్రమే. 1856 లో యుద్ధభూమి నుండి తిరిగివచ్చిన పిదప ఆమె పని కలముతోను అంకెలతోను జరిగినది. హిందూదేశమును ఎన్నడును చూడకయే, ఇచ్చటి క్షామములను గూర్చియు నీటి పారుదలను గూర్చియు వ్రాసి, ధవళేశ్వరము ఆనకట్ట కట్టించిన కాటను దొరతో ఉత్తర ప్రత్యుత్తరములు జరిపి, ఆయన పక్షమున వాదించినది.

ఇక మన యింటి సంగతికి వత్తము. బిడ్డ చదివినది మూడేండ్ల జీ.ఎన్.ఎం. డిప్లమాయా, నాలుగేండ్ల బి.యస్.సి. నర్సింగా? ఈ భేదము తెలియక మోసపోవు కుటుంబము లున్నవి. డిప్లమా పట్టము గాదు. పట్టభద్రులు వ్రాయు సర్కారు పరీక్షలకు అది చాలదు. డిప్లమా చదివినవారు మఱి రెండేండ్లు చదివి పట్టమును పొందవచ్చును. బి.యస్.సి. యైనచో దారి తెఱచియే యున్నది; కేరళపు నర్సు అన్నిస్ కణ్మణి జాయ్ ఐ.ఏ.యస్. పరీక్ష నెగ్గి, కొడగు జిల్లా పాలనాధికారిణిగా పనిచేసినది. అందఱును కలెక్టరులు కానక్కఱలేదు. నర్సుల పాఠశాలలో బోధించుట, ఆరోగ్య బీమా కంపెనీలలో రోగుల కాగితములను పరీక్షించుట, ఇట్టివి నడుము వంచక చేయు పనులు.

సొంత పని యనగానే మన పెద్దలు చెప్పు మాట యొకటి కలదు. "ఊరిలోనే కూర్చుండి, ఆరెంపీ డాక్టరువలె సూదిమందు వేయరాదా?" అని. అయ్యలారా, ఈ మాట ఆడకుడు. సర్టిఫికెట్టు నర్సుది గాని వైద్యునిది గాదు. 2019 నాటి జాతీయ వైద్య సంఘపు చట్టము ప్రకారము అర్హత లేని వైద్యమునకు ఒక సంవత్సరము వఱకు ఖైదు, అయిదు లక్షల రూపాయల వఱకు జరిమానా, లేక రెండును విధింపవచ్చును. మందుల దుకాణమునకును ఫార్మసిస్టు వేఱుగా నుండవలెను. బిడ్డ చేత ఒక రోగికి ప్రాణాపాయము కలిగినచో చట్టము మాట యటుంచి, ఊరిలో తలయెత్తుకొని తిరుగుట యెట్లు?

ధర్మముగా చేయదగిన సొంత పని లేకపోలేదు. పిల్లలు పట్టణములకు పోగా ఇంట మిగిలిన వృద్ధులకు, శస్త్రచికిత్స జరిగి ఇల్లు చేరినవారికి, వైద్యుడు వ్రాసియిచ్చిన ప్రకారము ఇంటికి పోయి పుండ్లు కట్టుట, మందు లిచ్చుట, నడిపించుట మంచి పని. దీనికి పెద్ద పెట్టుబడి అక్కఱలేదు. పెట్టుబడి కావలసినచో, 2015 లో ఏర్పడిన ముద్ర పథకము క్రింద బ్యాంకులు పూచీకత్తు లేని చిన్న ఋణము లిచ్చుచున్నవి. మిగిలిన యెకరమును తాకట్టు పెట్టకుడు. క్రొత్త పనిలో మొదటి కొన్ని నెలలు రాబడి యుండదు గనుక, అన్ని నెలల తిండిగింజలు ముందుగా చూచుకొని కదలవలెను.

బిడ్డ ఏ దారిన పోయినను నర్సుల మండలిలో తన పేరు కొట్టివేయబడకుండ, గడువునకు రుసుము కట్టి రిజిస్ట్రేషను నిలుపుకొనవలెను. రెండేండ్లకో నాలుగేండ్లకో తిరిగి రావలెనన్న ఆ కాగితమే తలుపు తీయును. పని మానుచున్నప్పుడు అనుభవపు పత్రమును అడిగి పుచ్చుకొనవలెను. అసలు సర్టిఫికెట్లను జామీనుగా పెట్టుకొను ఆసుపత్రులు కొన్ని యున్నవి. చేరునప్పుడే నకళ్లిచ్చి, అసలు వానిని ఇంటి పెట్టెలో దాచుడు.