టైటిల్ బీమా: దేనికి రక్షణ, దేనికి కాదు?

“బ్యాంకు లాయరు కాగితాలన్నీ చూశాకే లోను ఇచ్చారు కదండీ, ఇంకా భయమెందుకు?” అని ఇల్లు కొనే సహోద్యోగులు నన్ను తరచూ అడుగుతుంటారు. తట్టాంచావడిలో గృహరుణాల దస్త్రాలు చూసే నేను చెప్పేది ఒకటే. ఆ పరిశీలన బ్యాంకు సొమ్ము భద్రత కోసం. రేపు హక్కులో లోపం బయటపడి ఇల్లు చేజారినా, నెలనెలా వాయిదా మాత్రం మనమే కట్టాలి.

1908 నాటి రిజిస్ట్రేషన్ చట్టం కింద నమోదయ్యేది దస్తావేజు. అమ్మినవారికి నిజంగా హక్కుందన్న హామీ అందులో లేదు. ఈసీలో కనిపించేవి రిజిస్టరైన లావాదేవీలే. సంతకం పెట్టని ఆడపడుచు వాటా, రిజిస్టరు కాని వీలునామా అందులో కనిపించవు. పుదుచ్చేరిలో మరో చిక్కుంది. పాత లింకు పత్రాలు కొన్ని ఫ్రెంచిలో ఉంటాయి. 1881 డిక్రీ ప్రకారం ఫ్రెంచి సివిల్ కోడ్‌ను ఎంచుకున్న కుటుంబాల వారసులకు వాటాలు మనకు తెలిసిన హిందూ వారసత్వ చట్టం ప్రకారం రావు.

ఇలాంటి పాత లోపాల కోసం పుట్టిందే టైటిల్ బీమా. 1876లో అమెరికాలోని ఫిలడెల్ఫియాలో మొదలైంది. సాధారణంగా ప్రీమియం ఒక్కసారే కడతారు. ఫోర్జరీ సంతకం, బయటపడని వారసుడు, తీరని పాత తనఖా వంటివాటి వల్ల నష్టం వస్తే, కోర్టు ఖర్చులతో సహా, పాలసీ షరతుల మేరకు భరిస్తుంది.

కొన్న తర్వాత మనం చేసిన అప్పు, ముందే తెలిసి దాచిన వివాదం, ప్రభుత్వ భూసేకరణ, గోడ బీటలు, అగ్నిప్రమాదం దీని పరిధిలోకి రావు. అమెరికాలో ఇల్లు కొంటున్న మన పిల్లలకూ ఒక మాట చెప్పండి: అప్పిచ్చిన సంస్థ పేర తీసుకున్న పాలసీ ఆ సంస్థనే కాపాడుతుంది. యజమానికి వేరే పాలసీ కావాలి.

మన దేశంలో 2016 రెరా చట్టం 16వ సెక్షన్, ప్రభుత్వం నోటిఫై చేసిన మేరకు, టైటిల్ బీమా బాధ్యతను బిల్డరుపై పెట్టింది. భూమి హక్కు లోపభూయిష్టమైతే కొనుగోలుదారుకు బిల్డరే పరిహారం ఇవ్వాలని, దానికి కాలదోషం అడ్డురాదని 18వ సెక్షన్ చెబుతోంది. ఒక వ్యక్తి నుంచి పాత ఇల్లు కొంటే మాత్రం ఈ అండ ఉండదు.

అందుకే అడ్వాన్సు ఇవ్వకముందే సొంత లాయరుతో ముప్పై ఏళ్ళ లింకు పత్రాలు చూపించండి. ఫ్రెంచి పత్రాలను అనువాదం చేయించండి. వారసులందరి చేత సంతకాలు పెట్టించండి. హక్కులో లోపం తేలితే నష్టం తానే భరిస్తానన్న షరతును అమ్మేవారి చేత క్రయదస్తావేజులో రాయించండి. జీవితకాలపు పొదుపు పెట్టే చోట ఈ నాలుగు పనుల ఖర్చు ఎక్కువేమీ కాదు.